కౌంటరు దాకా చట్టం, ఆ తర్వాత మన ఫ్లాస్కు

షుగరు పిల్లికి ఇన్సులిన్ నిల్వ: కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు తరచూ అడిగే ప్రశ్నలు

మన దగ్గర పశువుల దవాఖాన అంటే బర్రెలు, మేకలు, గొర్రెలు. పిల్లిని సంచిలో పెట్టుకుని వెళ్తేనే పక్కవాళ్లు ఒకసారి తొంగిచూస్తారు. దానికి షుగరు అని చెబితే నవ్వు ఆపుకోలేరు. నవ్వినా నవ్వకపోయినా పిల్లులకు షుగరు రావడం నిజం. వయసు మీద పడి, ఒళ్లు చేసి, ఇల్లు దాటని పిల్లుల్లో ఇది ఎక్కువ. మగపిల్లుల్లో మరీ ఎక్కువ.

ఇంకో చిత్రం ఉంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేసి ఇన్సులిన్‌ను వేరుచేశారు. ఆ తర్వాత దాదాపు 60 ఏళ్లు మనుషులు వాడింది ఆవుల, పందుల ఇన్సులినే. మనిషి ఇన్సులిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి అమ్మడానికి 1982లో అనుమతి వచ్చింది. ఇప్పుడు లెక్క తిరగబడి, మనిషి కోసం చేసిన సీసా పిల్లి దాకా వచ్చింది. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. సీసా మనిషి కొలతలో ఉంటుంది. పిల్లికి పట్టేది అందులో ఒక చుక్క.

మనుషుల ఇన్సులిన్‌ను పిల్లి కోసం కొనడం చట్టం ప్రకారం తప్పా?

తప్పు కాదు. పశువుల కోసమే తయారుచేసిన ఇన్సులిన్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి కానీ మన మెడికల్ షాపుల్లో మామూలుగా కనిపించవు. అందుకే పశువైద్యులు మనుషుల ఇన్సులిన్నే, ఎక్కువగా గ్లార్జిన్‌ను, రాస్తారు. ఇది చీటీ మీద అమ్మాల్సిన మందు. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వ నిబంధన చీటీ ఎలా ఉండాలో చెబుతుంది. రాతలో ఉండాలి, వైద్యుడి సంతకం, తేదీ ఉండాలి, మొత్తం ఎంత మందు, ఎంత మోతాదు అన్నది ఉండాలి. రోగి పేరు, చిరునామా ఉండాలి. మందు జంతువు కోసమైతే దాని యజమాని పేరు, చిరునామా ఉండాలని అదే నిబంధన వేరుగా చెప్పింది. అంటే చట్టం రాసినవాళ్లకు మీ పిల్లి ముందే గుర్తుంది.

"జంతువులకు మేం ఇవ్వం" అని షాపులో అంటే?

2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు 28వ పేరా చూపించవచ్చు. తన దగ్గరున్న మందును, కొనడానికి వచ్చినవారికి అమ్మనని దుకాణదారు అనకూడదు. ఇది ఔషధ చట్టం నియమాలకు లోబడే ఉంటుంది కాబట్టి సరైన చీటీ మీ చేతిలో ఉండాలి. చీటీ లేకుండా వెళ్తే కాదనే హక్కు ఆయనకుంది. హక్కే కాదు, అది ఆయన బాధ్యత.

అయినా కౌంటరు దగ్గర చట్టం చదవడం కన్నా ముందు ఒక పని చేయండి. ఊళ్లోని చిన్న షాపువాళ్లకు పశువైద్యుడి చీటీ మీద ఇన్సులిన్ అమ్మడం కొత్త. చాలాసార్లు అది మొండితనం కాదు, జంకు. వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు చూపించి, "ఈయనతో ఫోన్లో మాట్లాడండి" అంటే సగం గొడవ అక్కడే తీరుతుంది.

చీటీ ఎవరు రాయాలి? మా ఊళ్లో గోపాలమిత్ర ఉన్నాడు కదా.

పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర పని వేరు. పశువైద్యం చేసి చీటీ రాయాల్సింది రిజిస్టరైన పశువైద్యులు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ఆ గీత గీసింది. డిప్లొమా చేసిన సిబ్బంది వైద్యుడి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయవచ్చు, అంతవరకే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం 2017 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతోంది. అయితే అది ప్రధానంగా పాడిపశువుల కోసం పెట్టింది. పిల్లి షుగరును మొదటిసారి తేల్చడానికి, మోతాదు కుదర్చడానికి హైదరాబాద్ వెళ్లగలిగితే మేలు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువుల ఆసుపత్రి ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఒకసారి మోతాదు కుదిరాక తరచూ చూపించుకోవడానికి స్థానిక వైద్యుడు చాలు.

పరీక్ష గురించి ఒక మాట. పిల్లి బెదిరితే షుగరు ఎగబాకుతుంది. బస్సులో అరుచుకుంటూ వచ్చిన పిల్లికి ఒక్కసారి రక్తం తీసి షుగరని ముద్ర వేయకూడదు. మూత్ర పరీక్ష, గత కొన్ని వారాల సగటు షుగరు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా అడగండి.

షాపువాళ్లు ఇన్సులిన్‌ను సరిగ్గా దాచారో లేదో నాకెలా తెలుస్తుంది? అడిగే హక్కుందా?

ఉంది. ఇన్సులిన్ షెడ్యూల్ సి కింద వచ్చే మందు. దాన్ని చిల్లరగా అమ్మాలంటే 21వ ఫారంలో లైసెన్సు ఉండాలి, అది జనానికి కనిపించేలా గోడకు తగిలించి ఉండాలి. మందుల గుణం చెడకుండా దాచే ఏర్పాటు దుకాణంలో ఉండాలని ఔషధ నిబంధనల్లో 64వది అంటుంది. కాబట్టి "అన్నా, ఇది ఫ్రిజ్‌లోదేనా? ఎన్ని డిగ్రీలుంది?" అని అడగడం వెటకారం కాదు.

నా మటుకు నేను చూసే మొదటి గుర్తు ఒకటే. మందు ఎక్కడి నుంచి చేతికొచ్చింది? ఫ్రిజ్ తలుపు తెరిచి తీశారా, వెనక అరలోంచి తీశారా? ఒకసారి ఒక షాపులో అట్టపెట్టె వెచ్చగా తగిలింది. "పొద్దున్నే వచ్చిన సరుకు, ఇంకా సర్దలేదు" అన్నారు. నిజమే కావచ్చు. నేను మాత్రం కొనలేదు. రెండో గుర్తు ఫ్రిజ్‌లో థర్మామీటరు. మూడోది, ఆ ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు, పెరుగు డబ్బాలు ఉన్నాయా అన్నది. గంటకు 20 సార్లు తెరిచే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు నిలవడం కష్టం. రాత్రి షట్టరు దించేటప్పుడు మెయిన్ ఆపేస్తారా అని కూడా మొహమాటం లేకుండా అడగండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులో ఉండేలా చూడండి. ఆ కాగితం లేకపోతే కింద చెప్పబోయే ఏ హక్కూ నిలబడదు.

ఎర్ర మూత సిరంజి, కాషాయం మూత సిరంజి: ఏదైనా ఒకటే కదా?

కాదు. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లి ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. మామూలు సీసాలు చాలావరకు యూ-40, అంటే ఒక మి.లీ.లో 40 యూనిట్లు. గ్లార్జిన్ సీసాలు, పెన్నులు, కార్ట్రిడ్జ్‌లు మామూలుగా యూ-100, ఒక మి.లీ.లో 100 యూనిట్లు. సిరంజీలు కూడా దేనికి దానివే. ఎర్ర మూతది 40కి, కాషాయం మూతది 100కి. సిరంజి మీది గీతలు దాని సొంత మందుకే సరిపోతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. వైద్యుడు గ్లార్జిన్ 1 యూనిట్ రాశారు. షాపులో యూ-40 సిరంజి ఇచ్చారు. మీరు 1 గీత దాకా లాగారు. ఆ గీత దగ్గర పట్టేది మి.లీ.లో 40వ వంతు. యూ-100 మందులో 40వ వంతు అంటే రెండున్నర యూనిట్లు. 70 కిలోల మనిషికి యూనిట్టున్నర తేడా పెద్దగా తెలియకపోవచ్చు. 4 కిలోల పిల్లికి అది రెండున్నర రెట్ల మందు, మూర్ఛ తెప్పించగలదు. తిరగేసి చూసినా నష్టమే. యూ-40 మందును యూ-100 సిరంజితో లాగితే 1 గీతకు వచ్చేది 0.4 యూనిట్. "మందు పనిచేయట్లేదు, ఫ్రిజ్‌లో చెడిపోయింది" అని మనం ఫ్రిజ్‌ను తిడుతూ కూర్చుంటాం.

సీసా మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ ఒకటేనా అని కౌంటరు దగ్గరే సరిపోల్చుకోండి. కుదిరితే 30 యూనిట్ల చిన్న సిరంజి, అర యూనిట్ గీతలున్నది అడగండి. అది మన ఊళ్లో దొరక్కపోతే తెప్పించి పెట్టమనండి. మందును నీళ్లతో పలుచన చేసి కొలత సులువు చేసుకుందామనే ఆలోచన వద్దు, గ్లార్జిన్ అలా పనిచేయదు.

కామారెడ్డిలో కొని ఎల్లారెడ్డికి తెచ్చుకుంటాం. దారిలో చెడిపోతే ఎవరిది బాధ్యత?

మీదే. కౌంటరు మీద మందు చేతులు మారిన క్షణం నుంచి చట్టం మీ వెంట రాదు. అక్కడి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా దాదాపు 40 కిలోమీటర్లు, మీరూ మీ ఫ్లాస్కూ.

బస్సులో గంట, గంటన్నర ప్రయాణం ఇన్సులిన్‌కు పెద్ద ముప్పు కాదు. నీడన, మనం భరించగల వేడిలో అది గంటల తరబడి ఉండగలదు. ముప్పు వేరేచోట ఉంది. మే నెల మధ్యాహ్నం బండి సీటు కింది డిక్కీ, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు, బస్సులో ఇంజిన్ పక్క సీటు: ఇవి కాల్చేస్తాయి. మన జిల్లాలో వేసవిలో గాలే 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసిన డిక్కీలో ఇంకెంతుంటుందో చేయి పెట్టి చూడండి. ఇన్సులిన్ ఒక ప్రొటీన్. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్టే, వేడికి ముద్దకట్టిన ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన తిరిగి రాదు.

రెండో తప్పు అతి జాగ్రత్త. ఐస్‌ముక్కల మధ్య సీసాను నేరుగా దూర్చి తెస్తారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ పనికిరాదు, పారేయాల్సిందే. టీ తాగే స్టీల్ ఫ్లాస్కు చాలు. సీసాను దాని అట్టపెట్టెతో సహా ప్లాస్టిక్ కవర్లో చుట్టండి, చుట్టూ పొడిగుడ్డ, ఆ అవతల ఐస్‌ప్యాక్. మందుకూ మంచుకూ మధ్య గుడ్డ ఉండాలి. పొద్దున మొదటి బస్సుకు వెళ్లి 11 లోపు తిరిగొస్తే అదీ అక్కర్లేదు.

ఇంట్లో ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలి?

డీఫ్రిజ్‌లో వద్దు, దాని కింది ట్రేలోనూ వద్దు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఆ ట్రే, వెనక గోడ దగ్గర చోటు అప్పుడప్పుడు సున్నాకు దిగుతాయి. కొత్తిమీర కట్ట గడ్డకట్టి నల్లబడే చోటు మీ ఇంట్లో ఎక్కడుందో మీకు తెలుసు కదా, అక్కడ పెట్టకండి. మధ్య అరలో, ముందు వైపు, మూతున్న డబ్బాలో పెట్టండి. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వెచ్చబడుతుంది, కుదుపు కూడా. ఒక చిన్న థర్మామీటరు కొని పక్కన పెట్టండి. డబ్బా మీద "పిల్లి మందు, ముట్టొద్దు" అని పెద్దగా రాయండి. ఇంట్లో మనుషులు కూడా ఇన్సులిన్ తీసుకుంటుంటే ఇది మరీ ముఖ్యం.

సిరంజీల్లో ముందే మందు నింపి వరసగా పెట్టుకోవద్దు.

ఫ్రిజ్ లేదు. లేదంటే, కరెంటు రెండు రోజులు లేదు. అప్పుడు?

2025 ఆగస్టు 27, 28 తేదీలు మన జిల్లావాళ్లు మరిచిపోలేరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజు వాన 40 సెంటీమీటర్లు దాటింది. 44వ నంబరు జాతీయ రహదారి కోసుకుపోయింది, రైళ్లు ఆగిపోయాయి, కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. అలాంటి రోజున ఇన్సులిన్ ఆధారంగా బతికే ప్రాణి ఇంట్లో ఉంటే, మనిషైనా పిల్లయినా, మొదటి ప్రశ్న ఫ్రిజ్ గురించే.

తలుపు తెరవకపోతే ఫ్రిజ్ చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. ఆ తర్వాత కూడా కంగారు అక్కర్లేదు. గ్లార్జిన్ వాడకంలో ఉన్న సీసా 30 డిగ్రీల లోపు 28 రోజులు ఉండవచ్చని తయారీదారులే లేబులు మీద రాస్తారు. వాన రోజుల్లో మన దగ్గర గాలి 25, 28 డిగ్రీల మధ్య ఉంటుంది. కాబట్టి వరదలో మందు చెడిపోతుందన్న భయం కన్నా అయిపోతుందన్న భయం పెద్దది. వానకాలం మొదలయ్యేసరికి ఇంట్లో ఒక విప్పని కార్ట్రిడ్జ్, నెలకు సరిపడా సిరంజీలు ఉండాలి.

కరెంటు లేని చోట ఇన్సులిన్ గురించి లోకంలో పనికొచ్చే పరిశోధనే జరిగింది. కెన్యాలోని దగాహలే శరణార్థి శిబిరంలో ఇళ్ల వేడి పగలూ రాత్రీ 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతుంది. అదే ఊగిసలాటను ప్రయోగశాలలో సృష్టించి చూస్తే, 4 వారాల దాకా ఇన్సులిన్ పనితనం తగ్గలేదని 2021లో ప్రచురించారు. 2023లో, జరిగిన పరిశోధనలను కలిపి చూసే కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా అలాంటి మాటే చెప్పింది: విప్పని మామూలు మానవ ఇన్సులిన్ 25 డిగ్రీల దాకా 6 నెలలు, 37 డిగ్రీల దాకా 2 నెలలు నిలవగలదు. ఇందులో గమనించాల్సింది 37 అన్న అంకె. మన ఏప్రిల్, మే దాన్ని దాటేస్తాయి. కాబట్టి కెన్యా కబురు మన వానకాలానికి, చలికాలానికి ధైర్యం, వేసవికి కాదు.

వేసవికి మన రంజనే ఉంది. పెద్ద మట్టికుండలో అడుగున తడి ఇసుక, అందులో చిన్న కుండ, దాని చుట్టూ తడి ఇసుక, పైన తడిగుడ్డ. మందును నీరు చొరని డబ్బాలో వేసి లోపలి కుండలో పెట్టాలి. నీడన, గాలి ఆడేచోట పెట్టి రెండుపూటలా ఇసుక తడపాలి. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. పొడిగాలి వీచే ఏప్రిల్‌లో ఇది బాగా పనిచేస్తుంది. ముసురుపట్టిన ఆగస్టులో పెద్దగా చేయదు, అప్పుడు దాని అవసరమూ అంతగా లేదు. కుండ ఎన్ని డిగ్రీలు చూపిస్తోందో థర్మామీటరు పెట్టి చూశాకే మందు పెట్టండి.

కరెంటు కోతల మీద నాకేమైనా హక్కుందా?

2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ముందే అనుకున్న కోతను వినియోగదారుడికి తెలియజేయాలి. అనుకోకుండా పోతే ఎప్పటికి వస్తుందో సందేశం పంపాలి. మన వైపు సరఫరా ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థది (ఉత్తర డిస్కం), ఫిర్యాదు నంబరు 1912. మీ సర్వీసు నంబరుకు సరైన మొబైల్ నంబరు ఎక్కించుకుంటేనే ఆ సందేశం వస్తుంది. పాడైన మందుకు డిస్కం నుంచి డబ్బు రాబట్టాలని చూడటం కన్నా ఒక కుండ కొనుక్కోవడం చవక.

సీసా విప్పాక ఎన్నాళ్లు వాడొచ్చు? పెట్టె మీద ఇంకా ఏడాదిన్నర గడువుంది.

పెట్టె మీది గడువు విప్పని సీసాకు, అదీ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచితే. మూత మీద సూది గుచ్చిన రోజు నుంచి వేరే లెక్క నడుస్తుంది. గ్లార్జిన్‌కు లేబులు మీద 28 రోజులు.

పిల్లి కొలత మనల్ని ఇబ్బంది పెట్టేది ఇక్కడే. పిల్లికి సాధారణంగా 1 యూనిట్ చొప్పున రెండుపూటలా మొదలుపెడతారు. 10 మి.లీ. గ్లార్జిన్ సీసాలో 1,000 యూనిట్లుంటాయి. రోజుకు 2 అంటే 500 రోజుల మందు. 28 రోజుల్లో వాడేది 56 యూనిట్లు. మిగతా 944 యూనిట్లు చెత్తబుట్టకు. అదే 3 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లు, నష్టం చాలా తక్కువ. కాబట్టి "కార్ట్రిడ్జ్ రాయండి డాక్టరుగారూ" అని మీరే అడగండి. అయిదు కార్ట్రిడ్జ్‌ల పెట్టె విప్పి షాపులో ఒక్కటి ఇస్తే, పెట్టె ధరలో దాని వాటా ఎంతో అంతే తీసుకోవాలి. విడిగా అమ్మే మందుకు ఎక్కువ వసూలు చేయకూడదని ధరల ఉత్తర్వు 27వ పేరా అంటుంది.

పెన్ను అయితే 1 యూనిట్ కన్నా తక్కువ ఇవ్వడం కుదరదేమో చూసుకోండి. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగే పద్ధతి పిల్లులవాళ్లలో ఉంది. తయారీదారు చెప్పే పద్ధతి కాదది. చేయాలనుకుంటే వైద్యుడి దగ్గర ఒకసారి చేసి చూపించుకోండి. లాగిన మందును తిరిగి లోపలికి నెట్టకూడదు.

28 రోజుల తర్వాత? ఫ్రిజ్‌లోనే ఉంచి, తేటగా ఉన్నంతవరకు గ్లార్జిన్‌ను పిల్లులకు కొన్ని నెలలు వాడనిచ్చే పశువైద్యులున్నారు. అది వాళ్లు పిల్లిని చూస్తూ, షుగరు కొలుస్తూ తీసుకునే నిర్ణయం. వైద్యుడు చెప్పకుండా మనంతట మనం పొడిగించుకునేది కాదు. ఏమైనా విప్పిన తేదీని సీసా మీద బాల్‌పెన్నుతో రాయండి. గుర్తుంటుందనుకుంటాం, ఉండదు.

మందు చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుపట్టినా, నలుసులు కనిపించినా పారేయండి. తెల్లగా ఉండే రకాలు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే పాలలా కలిసిపోవాలి. విరిగిన పాలలా గడ్డలు తేలినా, గాజుకు లోపల పొడి అంటుకున్నా పోయినట్టే.

కళ్లకు కనిపించకుండా కూడా బలం తగ్గుతుంది. అప్పుడు పిల్లే చెబుతుంది: నీళ్ల గిన్నె దగ్గర ఎక్కువసేపు ఉంటుంది, మూత్రం ఎక్కువవుతుంది, తిన్నా చిక్కుతుంది, ముదిరితే వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. ఇలా కనిపిస్తే మోతాదు పెంచకండి. మొదట సిరంజి సరైనదేనా చూడండి, తర్వాత వైద్యుడితో మాట్లాడి కొత్త సీసా విప్పండి. పాత సీసా బలహీనపడిందని మోతాదు పెంచి, ఆ పెంచిన మోతాదునే కొత్త సీసాలోంచి ఇచ్చారనుకోండి, రాత్రికి పిల్లి పడిపోతుంది.

షాపులోనే చెడిపోయిన మందు అంటగట్టారని నా అనుమానం. ఏం చేయగలను?

మొదట సీసాను పారేయకండి. బిల్లు, అట్టపెట్టె, సీసా కలిపి ఫ్రిజ్‌లోనే ఒక పక్కన పెట్టండి.

1940 నాటి ఔషధ చట్టం 26వ సెక్షన్ చాలామందికి తెలియదు. ఎవరైనా సరే తాను కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి దగ్గర పరీక్ష చేయించుకుని, సంతకం చేసిన నివేదిక పొందవచ్చు. గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘానికి కూడా ఈ హక్కుంది. చిక్కేమిటంటే, నెలరోజులు వాడిన సీసా తీసుకెళ్తే "మీ ఇంట్లోనే చెడింది" అంటారు, ఆ మాటను కొట్టిపారేయలేం. అదే బ్యాచ్‌లో విప్పనిది ఉంటే మీ వాదన బలంగా ఉంటుంది. నిల్వ సరిగా లేదన్న ఫిర్యాదుకైతే పరీక్ష కన్నా తనిఖీ ముఖ్యం. అది రాష్ట్ర ఔషధ నియంత్రణ సంస్థ పని. టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969.

డబ్బు సంగతి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చూసుకుంటుంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడం, బిల్లు ఇవ్వననడం రెండూ అందులో అనుచిత వ్యాపార పద్ధతులు. "అమ్మిన సరుకు వాపసు లేదు" అన్న బోర్డు దీన్ని మార్చలేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు, రెండేళ్లలోపు వేయాలి, కొన్న విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఒక్క సీసా కోసం అంతదూరం వెళ్లాలా అంటే మీ ఓపిక. తనిఖీ కోరుతూ రాసే ఒక్క ఫిర్యాదు మాత్రం, అదే షాపులో ఇన్సులిన్ కొనే మనుషులకు కూడా మేలు చేస్తుంది.

"కూలింగ్ చార్జీ" అని పది రూపాయలు ఎక్కువ తీసుకున్నారు.

ఇవ్వకండి. ముద్రించిన గరిష్ఠ ధర మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. చల్లగా దాచడం లైసెన్సుతో వచ్చిన బాధ్యత, అదనపు సేవ కాదు. మీరు కోరి ఐస్‌ప్యాక్ కొనుక్కుంటే అది వేరే సరుకు.

మా నాయనకు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తున్న ఇన్సులిన్‌లో పిల్లికి కొంచెం తీస్తే?

వద్దు. అది ఆయన పేరు మీద, ఆయన లెక్క ప్రకారం ఇచ్చింది. పైగా రకం వేరు, గాఢత వేరు కావచ్చు. ఒకే సీసాలో మనిషి సూది, పిల్లి సూది దూరడం ఇద్దరికీ మంచిది కాదు.

వాడిన సూదులు ఎక్కడ పారేయాలి?

రోజుకు రెండు, ఏడాదికి 730 సూదులు. తడిచెత్తలో వేస్తే చెత్తబండి మీద చేత్తో ఏరే మనిషికి గుచ్చుకుంటాయి. ఇంటి సూదులు, సిరంజీలు, గడువు తీరిన మందులను మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో, ఫినాయిల్ డబ్బా అయినా సరే, వేసి, నిండాక మూత బిగించి టేపు చుట్టి, పైన "సూదులు" అని రాయండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ మున్సిపాలిటీలే కాబట్టి పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పి చేతికివ్వండి. పల్లెల్లో ఉంటే సూది వేయించుకునే దవాఖానలోనే తీసుకుంటారేమో అడగండి.

దుబాయ్ నుంచి అన్న వస్తున్నాడు. అక్కడి పశువుల ఇన్సులిన్ తెమ్మనాలా?

మన జిల్లాలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. పశువుల ఇన్సులిన్ యూ-40, అయిపోగానే ఇంకో అన్న రావాలి. మధ్యలో మందు మారిస్తే మోతాదు మళ్లీ మొదటి నుంచి కుదర్చాలి. ఇక్కడ దొరికేదాన్నే నమ్ముకోవడం మేలు. విమానంలో ఏ ఇన్సులిన్ తెచ్చినా చేతి సంచిలోనే, చీటీతో పాటు. కింద వేసే లగేజీలో గడ్డకట్టవచ్చు.

సూది మానేస్తే చట్టం ఏమైనా అంటుందా?

1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 3వ సెక్షన్, మన దగ్గరున్న జంతువు బాగోగులు చూడటం మన విధి అంటుంది. పోలీసులు వచ్చి సీసాలు లెక్కపెట్టరు. స్తోమత లేకపోతే దాచకుండా వైద్యుడికి చెప్పండి. ఇన్సులిన్‌తో పాటు అన్నం, బిస్కెట్లు మాన్పించి మాంసాహారం మీద పెట్టిన పిల్లుల్లో కొన్నింటికి కొన్ని నెలల్లో మందే అక్కర్లేకుండా పోతుంది. ఈ ఆశ మనుషుల షుగరులో అంత తేలిగ్గా దొరకదు.

పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లాలి. పక్కింటి అక్క సూది వేస్తానంది. ఆమెకు ఏం చెప్పాలి?

చెప్పడమే కాదు, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మీ ముందర ఒకసారి వేయించండి. ఏ డబ్బా, ఏ సిరంజి, ఎన్ని గీతలు, ఏ వేళకు. ముందు పిల్లి తిన్నాకే సూది, తినకపోతే వేయకుండా ఫోన్ చేయాలి. వేశానో లేదో అనుమానం వస్తే మళ్లీ వేయొద్దు, ఒకపూట తప్పినా పిల్లికి ఏం కాదు, రెండుసార్లు పడితే అవుతుంది. మరచిపోయిన పూటది కలిపి రెట్టింపు ఇవ్వొద్దు. పిల్లి తూలినా, వణికినా, పిలిస్తే పలక్కుండా మూలన నక్కినా షుగరు పడిపోయిందని అర్థం. చిగుళ్లకు వేలితో తేనె గాని గ్లూకోజు నీళ్లు గాని రాయాలి, గొంతులో పోయకూడదు, వెంటనే డాక్టరుకు ఫోన్. ఆ నంబరు కాగితం అడుగున పెద్ద అక్షరాల్లో. తేనె సీసా ఫ్రిజ్ మీద, కనిపించేచోట.